బేసిన్ చెప్పినట్టే కుళాయి

అమెరికాలో కొత్తగా కట్టే ఇల్లు కొన్నవారిని బిల్డర్ ఒకరోజు డిజైన్ సెంటర్‌కు రమ్మంటాడు. టెక్సస్‌లోని ఫ్రిస్కో, ప్రాస్పర్ లాంటి ఊళ్లలో స్థిరపడుతున్న తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలిసిన తంతే. అక్కడ బాత్‌రూమ్ కుళాయిలన్నీ ఒక బోర్డు మీద బిగించి ఉంటాయి: క్రోమ్, బ్రష్డ్ నికెల్, మాట్ బ్లాక్. వాటి కింద బేసిన్ ఉండదు, వాటిలోంచి నీళ్లూ రావు. అందుకే చూపు రంగు దగ్గరే ఆగిపోతుంది. నిజానికి కుళాయి, బేసిన్, దాని కింది అలమర (వ్యానిటీ) కలిసి పనిచేసే ఒకే యంత్రం. అందులో ముందు తేల్చుకోవలసింది బేసిన్. అది ఖాయమైతే కుళాయి ఎత్తు, పొడవు, రంధ్రాల లెక్క చాలావరకు వాటంతటవే తేలిపోతాయి. రంగు సంగతి ఆ తర్వాత.

ముందు ఎత్తు చూద్దాం. కుళాయి మూతి దగ్గర నీటి వేగం సెకనుకు ఒక మీటరు అనుకుందాం. పది సెంటీమీటర్లు పడేసరికి ఆ వేగం 1.7 మీటర్లవుతుంది. పాతిక సెంటీమీటర్లు పడితే 2.4 మీటర్లు. వేగం పెరిగింది సగానికి తక్కువే అయినా, బేసిన్‌ను తాకే శక్తి మాత్రం రెట్టింపవుతుంది. చిందేది ఆ శక్తి వల్లే. దీనికి తోడు, పడుతున్న ధార కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, తలతన్యత వల్ల చుక్కలుగా విడిపోవాలని చూస్తుంది. ప్లాటో, రేలీ అనే శాస్త్రవేత్తలు 19వ శతాబ్దంలోనే దీన్ని వివరించారు. తెగని ధార కంటే విడివిడి చుక్కలు ఎక్కువ చిమ్ముతాయి.

అలాగైతే కుళాయి ఎంత కిందికి ఉంటే అంత మంచిదా? కాదు. మొదటి అభ్యంతరం మన చెంబుదే. అమెరికా బాత్‌రూమ్‌లో చెంబు పట్టుకోవడానికి వీలైన కుళాయి తరచుగా ఈ వ్యానిటీ మీదదే. మూతి పొట్టిగా, కిందికి ఉంటే చెంబు దాని కింద నిలవదు. పక్కకు వంచి పడితే సగమే నిండుతుంది. రెండో అభ్యంతరం ప్లంబింగ్ కోడ్‌ది. కుళాయి మూతి బేసిన్ అంచు కంటే మామూలుగా కనీసం ఒక అంగుళం పైన ఉండాలి. పైపులో ఒత్తిడి పడిపోయినప్పుడు మురికినీరు వెనక్కి పీల్చుకుపోకుండా ఈ ఖాళీ కాపాడుతుంది. శుభ్రమైన నీటికి, మురుగుకు సంపర్కం ఏర్పడితే ఏమవుతుందో 1933లో షికాగో చూసింది. ప్రపంచ ప్రదర్శన జరుగుతున్న ఆ ఏడాది రెండు హోటళ్లలో పైపుల లోపం వల్ల మురుగు తాగునీటిలో కలిసి అమీబిక్ డిసెంటరీ వ్యాపించింది. 98 మంది చనిపోయారు. కాబట్టి ఎత్తు బేసిన్‌ను బట్టే తేలాలి. కౌంటర్ మీద గిన్నెలా కూర్చునే వెసెల్ సింకు అయిదారు అంగుళాల ఎత్తుంటుంది కాబట్టి దానికి పొడుగు కుళాయి తప్పదు. అదే పొడుగు కుళాయిని కౌంటర్ కింద బిగించే లోతులేని బేసిన్‌కు తగిలిస్తే అద్దం, నేల, చొక్కా అన్నీ తడుస్తాయి.

మూతి పొడవు సంగతి ఇంకా సులువు. కుళాయి రంధ్రం మధ్య నుంచి నీళ్లు పోయే రంధ్రం మధ్య వరకు టేపుతో కొలవాలి. ధార డ్రెయిన్ మీదో, దానికి కాస్త ముందో పడాలి. పొట్టి మూతి అయితే చేతులు కడిగేటప్పుడు వేళ్లు బేసిన్ వెనక గోడకు తగులుతాయి. మరీ పొడవైతే ధార ముందువైపు వాలు మీద పడి మన మీదికే ఎగురుతుంది. ఇక రంధ్రాలు. ఒకే రంధ్రం, నాలుగంగుళాల దూరంలో ఒకే పీఠం మీద ఉండే సెంటర్‌సెట్, ఎనిమిదంగుళాల దూరంలో మూడు విడి భాగాలుగా ఉండే వైడ్‌స్ప్రెడ్ అన్నవి అక్కడ వాడుకలో ఉన్న రకాలు. పలక వేసి రంధ్రాలు కప్పేయొచ్చు కదా అంటారు. నాలుగంగుళాలవైతే కప్పొచ్చు. కానీ ఒకే రంధ్రం తొలిచిన క్వార్ట్జ్ కౌంటర్ మీద వైడ్‌స్ప్రెడ్ కూర్చోవాలంటే రాయిని మళ్లీ తొలవాలి.

అందరూ ఎక్కువగా గొణిగేది ధార సన్నగా ఉందని. ఫెడరల్ నిబంధన ప్రకారం బాత్‌రూమ్ కుళాయి 60 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర నిమిషానికి 2.2 గ్యాలన్లు మించి వదలకూడదు. నీటి పొదుపుకు ఇచ్చే వాటర్‌సెన్స్ ముద్ర కావాలంటే 1.5. కాలిఫోర్నియాలో 2016 నుంచి 1.2 మాత్రమే. చేతులు కడగడానికి ఇది చాలు. ఏరేటర్ గాలి కలిపి ధారను నిండుగా చేస్తుంది. అయితే ఫిర్యాదులో నిజం లేకపోలేదు. లీటరు చెంబు 2.2 కుళాయి కింద ఏడు సెకన్లలో నిండితే, 1.2 కింద పదమూడు పడుతుంది. హీటరు నుంచి యాభై అడుగుల దూరం అరంగుళం రాగి పైపులో సుమారు 0.6 గ్యాలన్ చల్లనీళ్లు నిలిచి ఉంటాయి. అవి పోయి వేడినీళ్లు రావడానికి 2.2 అయితే పదహారు సెకన్లు, 1.2 అయితే అరనిమిషం. వృథా అయ్యే నీరు రెండింటిలోనూ ఒకటే, పెరిగేది ఎదురుచూపు. దానికి మందు పెద్ద కుళాయి కాదు, హీటరుకు దగ్గరగా బాత్‌రూమ్ పెట్టుకోవడం.

హ్యాండిల్ విషయంలో నా ఓటు ఒంటి లివర్‌కే. 1937లో సియాటిల్‌లో చదువుకుంటున్న ఆల్ మోయెన్ రెండు హ్యాండిళ్ల కుళాయి తిప్పేసరికి చేతుల మీద బాగా వేడి నీళ్లు పడ్డాయి. ఒంటి హ్యాండిల్ ఆలోచన అక్కడే పుట్టింది, 1947లో బజారుకొచ్చింది. వికలాంగుల చట్టం నిబంధనలు బహిరంగ స్థలాల్లో గట్టిగా పట్టి తిప్పనక్కర్లేని, అయిదు పౌండ్ల బలానికి మించకుండా కదిలే హ్యాండిల్ ఉండాలంటాయి. ఇళ్లకు ఆ నిర్బంధం లేకపోయినా, ఆరు నెలలు ఉండిపోవడానికి వచ్చే అమ్మానాన్నల కీళ్లను తలుచుకుంటే అదే సరైన కొలత. ఇక చవకగా దొరికే, పేరులేని ఇత్తడి కుళాయిలతో జాగ్రత్త. 2014 జనవరి 4 నుంచి నీరు తగిలే భాగాల్లో సీసం సగటున 0.25 శాతం మించకూడదు. అంతకుముందు 8 శాతం వరకు ఉన్నా చట్టం దాన్ని సీసం లేనిదిగానే లెక్కగట్టేది. పళ్లు తోముకుని పుక్కిలించేది ఈ నీళ్లతోనే కాబట్టి తాగునీటి భద్రతకు సంబంధించిన ఎన్ఎస్ఎఫ్ 61 ముద్ర చూడాలి.

రంగు గురించి ఒక్క మాట. కఠినజలం ఉన్న ఊళ్లో నల్ల కుళాయి మీద ఆరిన ప్రతి చుక్కా తెల్ల మచ్చగా కనిపిస్తుంది, క్రోమ్ మీద అంతగా కనపడదు. సెలక్షన్ షీటు మీద సంతకం పెట్టేముందు కుళాయి స్పెక్ షీటు అడిగి తీసుకోండి. ఎత్తు, పొడవు, రంధ్రాల దూరం అందులో బొమ్మ గీసి ఉంటాయి. బేసిన్ కొలతల కాగితం పక్కన పెట్టి చూసుకోవడానికి పది నిమిషాలు చాలు.