వాడిన నీళ్లకు ఇంకో పని ఉంది: మీకు తెలుసా?

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. వీధిలో బోర్లు ఒక్కొక్కటే ఎండిపోయేదీ ఆ రోజుల్లోనే. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక బిందెలూ డ్రమ్ములూ వాకిట్లో వరసగా పెట్టుకుని కూర్చున్న ఇల్లాలికి నీళ్ల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఒకసారి వాడిన నీళ్లు ఇంకెక్కడ పనికొస్తాయో, ఎక్కడ పొయ్యకూడదో తెలిస్తే అవే నీళ్లు ఇంకో రెండు రోజులు సరిపోతాయి. అందుకే ఈ సంగతులు.

● నగరాల్లో మంచినీటి పథకాలు గీసేటప్పుడు ఇంజనీర్లు వేసుకునే లెక్క తలకు రోజుకు 135 లీటర్లు. అందులో స్నానానికి 55, టాయిలెట్‌కు 30, బట్టలకు 20, అంట్లకు 10, ఇల్లు కడగడానికి 10, వంటకు 5, తాగడానికి 5. ఈ వరస నిదానంగా ఇంకోసారి చదవండి. నోట్లోకి వెళ్లే నీళ్లు పదే లీటర్లు. హైదరాబాదు ఇళ్లకు కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లు దాటి పైపుల్లో వస్తాయి. అంత దూరం తెచ్చి, వడగట్టి, క్లోరిన్ కలిపిన నీళ్లలో 30 లీటర్లు నేరుగా ఫ్లష్‌లో పోతున్నాయి. అదే ఇంట్లో స్నానాల నీళ్లూ బట్టల నీళ్లూ కలిపి తలకు 75 లీటర్లు మురుగు కాల్వలో కలుస్తున్నాయి. నా దృష్టిలో ఇంటి నీటి పొదుపంతా ఈ 30కీ ఆ 75కీ మధ్యే ఉంది. ఆ స్నానాల, బట్టల నీళ్లు ఫ్లష్‌కు మళ్లిస్తే చాలు.

పల్లెల్లో జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క తలకు 55 లీటర్లు. అంటే నగరంలో ఒక మనిషి స్నానానికి వేసిన నీళ్లతో పల్లెలో ఒక మనిషి రోజంతా గడపాలి.

● మా అమ్మమ్మ ఇంట్లో జాలారు దగ్గర ఒక్క చుక్క వృథా అయ్యేది కాదు. అంట్లు తోమిన నీళ్లూ కాళ్లు కడిగిన నీళ్లూ జానెడు వెడల్పు మట్టి కాలువలో పడి పెరట్లోకి పోయేవి. కాలువ చివర అరటి పిలకలు, వాటి పక్కన చేమ ఆకులు, ఇంకొంచెం అవతల ఎర్రగా పూసే మెట్టతామర. కాలువ పూడితే అమ్మమ్మ పొద్దున్నే కొబ్బరిమట్ట ముక్కతో గీకి నీళ్లకు దారి చేసేది. నడివేసవిలో కూడా ఆ మూల ఒక్కటీ పచ్చగా ఉండేది.

ఆమె అలవాటుగా చేసిన పనిలో శాస్త్రం ఉంది. అరటి, చేమ, మెట్టతామర మూడూ నీళ్లు బాగా తాగే మొక్కలు. వాటి వేళ్లను పట్టుకుని ఉండే సూక్ష్మజీవులు నీళ్లలోని జిడ్డునీ మెతుకునీ తిని విరగ్గొడతాయి. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పల్లె మురుగునీటిని శుద్ధి చేసే మడుల్లో నాటినవాటిలో ఈ మెట్టతామర కూడా ఉంది.

ఒక్క తేడా మాత్రం మరిచిపోకూడదు. అమ్మమ్మ అంట్లు తోమింది బూడిదతో, కొబ్బరి పీచుతో. మన సబ్బుపొడుల్లో సోడియం ఎక్కువ. రోజూ ఆ నీళ్లే పోస్తే మట్టి గట్టిపడి, నీళ్లు ఇంకడం మానేస్తుంది. కాబట్టి నురగ నీళ్లు టాయిలెట్‌కు, జాడించిన నీళ్లు చెట్లకు. ఆ చెట్లకైనా మొదట్లోనే పోయాలి, ఆకుల మీద కాదు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాలకు అసలే వద్దు. చంటిపిల్లల గుడ్డలు ఉతికిన నీళ్లు ఫ్లష్‌కే పరిమితం. వాడిన నీళ్లను ఒక రోజు మించి నిల్వ ఉంచితే కంపు కొడతాయి, దోమలు చేరతాయి. ఈ పూట నీళ్లు ఈ పూటే వాడెయ్యాలి.

● బియ్యం కడిగిన నీళ్లను మన ఇళ్లలో ఎన్నడూ పారబోసేవారు కాదు. అవి కుడితి తొట్టిలోకి, అక్కణ్నించి గేదె కడుపులోకి. గేదె లేని ఫ్లాటులో ఆ నీళ్లు కరివేపాకు కుండీలో పొయ్యండి. కూరగాయలు ఉడికించిన నీళ్లూ పొయ్యొచ్చు, కాకపోతే ఉప్పు వెయ్యనివి, పూర్తిగా చల్లారాక.

● నీళ్ల శుద్ధి యంత్రం, అదే ఆర్‌ఓ, ఒక గ్లాసు మంచినీళ్లు ఇవ్వడానికి సాధారణంగా రెండు మూడు గ్లాసులు పక్క గొట్టంలోంచి వదిలేస్తుంది. ఆ గొట్టం గోడ వెనకనుంచి నేరుగా సింకు కిందికి పోతుంది కనుక మనకు కనపడదు. ఒకరోజు మా ఇంట్లో ఆ గొట్టం ఊడదీసి బకెట్టులో పెట్టాను. బిందె నిండేసరికి బకెట్టు రెండుసార్లు నిండి, మూడోసారి పొంగి వంటింట్లో పారింది. అన్నేళ్లుగా అన్ని నీళ్లు పోయాయా అని మనసు చివుక్కుమంది. అప్పట్నించీ ఆ బకెట్టు అక్కడే ఉంది.

ఆ నీళ్లలో లవణాలు మామూలు నీళ్లకన్నా ఎక్కువ. ఇల్లు తుడవడానికీ, అంట్లు మొదటిసారి కడగడానికీ, ఫ్లష్‌కూ బాగుంటాయి. కుండీల్లో రోజూ పోస్తే ఉప్పు పేరుకుని అంచుల్లో తెల్లగా పొర కడుతుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లాగా ఫ్లోరైడు ఉన్న చోట ఆ వదిలేసిన నీళ్లలో ఫ్లోరైడు ఇంకా చిక్కగా ఉంటుంది. వాటిని పశువులకు పెట్టకూడదు, వంటకు వాడకూడదు.

ఇంతకీ మీ ఇంటికి ఆ యంత్రం అవసరమా? తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిదని మన జాతీయ ప్రమాణం చెబుతుంది. ఆ హద్దు లోపలున్న చోట ఆర్‌ఓ యంత్రాలు వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. యంత్రం కొనేముందు నీళ్లు పరీక్ష చేయించండి.

● ఏసీ గొట్టంలోంచి కారేది గాలిలోని తేమ. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉక్కపోత రోజున బకెట్టు నిండుతుంది. అనంతపురంలో ఏప్రిల్ పొడిగాలికి చెంబెడు కూడా రాకపోవచ్చు. ఆ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు గనుక మొక్కలకు మంచివి. లోపలి రేకుల మీది దుమ్మూ లోహమూ కడుక్కుంటూ వస్తాయి గనుక తాగకూడదు.

● కారే కుళాయి కింద గ్లాసు పెట్టి గడియారం చూడండి. 200 మిల్లీలీటర్ల గ్లాసు పది నిమిషాల్లో నిండితే రోజుకు 144 గ్లాసులు, అంటే దాదాపు 29 లీటర్లు. కొన్ని రూపాయల వాషరు వేస్తే రోజుకు రెండు బిందెల నీళ్లు మిగులుతాయి.

● పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారి నొక్కితే పది లీటర్లు లాగుతుంది. లీటరు సీసాలో నీళ్లు నింపి, మూత బిగించి ట్యాంకులో ఒక మూల నిలబెడితే నొక్కినప్పుడల్లా లీటరు మిగులుతుంది. ఇటుక మాత్రం పెట్టకండి, అరిగి రాలిన పొడి అడుగున అడ్డం పడుతుంది. జపాన్‌లో కొన్ని ఇళ్లలో ఫ్లష్ ట్యాంకు మూతే చేతులు కడుక్కునే తొట్టి. చేతులు కడిగిన నీళ్లే ట్యాంకులోకి దిగుతాయి.

● వేసవిలో ఎండిన ఏటి ఇసుకలో చెలమ తవ్వితే నీళ్లు ఊరతాయి. పైన ఇసుక కాలిపోతుంటే కింద తడి ఎలా నిలిచింది? పైపొర ఎండిపోగానే అదే మూతలా పనిచేస్తుంది. ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి కాబట్టి కింది నీరు దాన్ని దాటి పైకి పాకలేదు. కుండీల్లో ఎండుటాకులో కొబ్బరి పీచో రెండంగుళాల మందాన పరిస్తే అదీ అలాంటి మూతే. నీళ్లు సాయంత్రం పూట పొయ్యండి, ఎండ ఎక్కాక పోసినవాటిలో కొంత భాగం ఎండ లాగేసుకుంటుంది.

దీనికి తోడు కుండ కిటుకు ఒకటుంది. రంగూ మెరుపూ వెయ్యని మట్టికుండను మొక్క పక్కన మెడదాకా పాతి, నీళ్లు నింపి, మూత పెట్టాలి. మట్టి ఎండితే కుండ గోడల్లోంచి తడి బయటికి వస్తుంది. మట్టి తడిగా ఉంటే ఆగిపోతుంది. ఎంత కావాలో మొక్కే తీసుకుంటుంది. చైనాలో సుమారు 2,000 ఏళ్ల కిందటి సేద్యపు గ్రంథంలోనే ఈ పద్ధతి ఉంది. నాలుగు రోజులు ఊరెళ్లేవాళ్లకు ఇంతకన్నా నమ్మకమైన ఏర్పాటు నాకు కనపడలేదు.

● 2024 మార్చిలో బెంగళూరులో తాగేనీళ్లతో కార్లు కడిగినా, తోటలకు పోసినా 5,000 రూపాయల జరిమానా వేశారు. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లోనైతే 1968 నుంచే ఊరి మురుగునీటిని శుద్ధి చేసి మళ్లీ తాగేనీళ్ల గొట్టాల్లోకే పంపుతున్నారు. వానలు తక్కువ పడే ఊరది, వేరే దారి లేకపోయింది.

● 120 గజాల మేడ అంటే 100 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది కాబట్టి ఆ మేడ మీద పడేది 80,000 లీటర్లు. ఆవిరీ చిమ్ములూ పోగా 60,000 మిగిలినా పన్నెండు ట్యాంకర్లు. తమిళనాడు 2003లోనే ప్రతి ఇంటికీ వాననీటిని ఒడిసిపట్టడం తప్పనిసరి చేసింది. మన దగ్గర 2000లో మొదలైన నీరు-మీరు కార్యక్రమంలో తవ్విన ఇంకుడు గుంతలు ఎన్నో ఇళ్లలో ఇప్పుడు చెత్తతో పూడి ఉన్నాయి.

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. ఆలోగా మేడ ఊడ్చి, వాన గొట్టం మూతికి జాలీ కట్టండి. గుంతలో ఒండ్రు తీయించి కొత్త కంకర వేయించండి. తొలి వాన దుమ్ము కడిగే వాన, దాన్ని బయటికి వదిలేయండి. రెండో వాన నుంచి గొట్టాన్ని గుంతలోకి తిప్పండి.