జపాను వారి విభక్తులు

డు, ము, వు, లు అంటూ విభక్తులు వల్లెవేయని తెలుగు పిల్లవాడు ఒకప్పుడు లేడు. పరీక్ష కాగానే వాటిని మరిచిపోవటమూ రివాజే. ఆ పాత చదువు ఇప్పుడు జపాను భాష దగ్గర అక్కరకు వస్తున్నదంటే పాఠకులు నమ్ముతారో లేదో!

ఆత్మకూరులో నర్సింగు చదివిన ఒక అమ్మాయి జపాను వెళ్లి వృద్ధుల సంరక్షణ పనిలో చేరాలని పట్టుదలగా వున్నది. స్వగ్రామం ఉదయగిరి. ఇటువంటి ఉద్యోగాల కోసం 2021 జనవరిలో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. కాని భాష రానిదే వీసా రాదు. జపాను భాషా ప్రావీణ్య పరీక్షకు అయిదు మెట్లు; ఎన్-5 అట్టడుగుది, ఎన్-1 శిఖరం. ఈ పనికి ఎన్-4 అయినా నెగ్గాలి, లేదా దానికి సరితూగే మరొక పరీక్ష. సంరక్షణ పనికి సంబంధించిన భాషా పరీక్ష అది చాలక వేరే. ఇంట్లో అప్పు చేసి శిక్షణకు కట్టారు.

"సార్, మాటలు వస్తున్నాయిగాని, మధ్యలో ఈ చిన్న చిన్న ముక్కలే పట్టుబడటం లేదు" అని పుస్తకం నా ముందు పెట్టింది. తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి, నాకు జపాను ఏం తెలుసు? ఇద్దరం కలిసే మొదలుపెట్టాం.

చూద్దును గదా, ఆ ముక్కలు మన ప్రత్యయాల వరసే! "ఉదయగిరి కర ఆత్మకూరు మదె బసు దె ఇకిమస్." ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా బస్సులో వెళతాను. మాట కింద మాట పెట్టి చూడండి: కర అంటే నుంచి, మదె అంటే దాకా; క్రియ బుద్ధిగా చివర కూర్చున్నది. ఇంగ్లీషు నుంచి వచ్చినవాడు ఈ వాక్యాన్ని తలకిందులు చేసుకోవాలి. మనకా బాధ లేదు.

ఇంకా చిత్రం వినండి. నని అంటే ఏమి. దానికి మొ చేర్చి, వెనక లేదనే క్రియ పెడితే "ఏమీ లేదు". దరె అంటే ఎవరు. దరె మొ, ఎవరూ. "వతషి మొ" అంటే నేనూ. మన చివరి దీర్ఘం చేసే పనంతా వాళ్ల మొ చేస్తున్నది. దరె పక్కన క చేరిస్తే "ఎవరో". అదే క వాక్యం చివరకు పోతే ప్రశ్న.

ఈ పోలికలు చూచి రెండూ చుట్టాలే అన్నవారున్నారు. సుసుము ఒనొ అనే జపాను పండితుడు తమిళానికీ జపాను భాషకూ బంధుత్వం కలుపుతూ గ్రంథాలు రాశాడు. భాషాశాస్త్రజ్ఞుల్లో చాలామంది ఒప్పుకోలేదు. నా మటుకు నాకు చుట్టరికం అక్కరలేదు. ఇరుగుపొరుగు ఇళ్లు ఒకే నమూనాలో కట్టినట్టుంటే చాలు, చీకట్లో కూడా వంటిల్లు దొరుకుతుంది.

అయితే గుమ్మాలు కొన్ని తలకు తగులుతాయి. మన "ని" ద్వితీయ. వాళ్ల ని ఎక్కువగా మన "కి". "తొమొదచి ని" అనగానే తెలుగు చెవికి "స్నేహితుణ్ణి" అని వినిపిస్తుంది; అర్థం స్నేహితుడికి. ద్వితీయకు వాళ్ల గుర్తు ఒ.

మన "లో" ఒక్కటే. వాళ్లు దాన్ని చీల్చారు. ఉదయగిరిలో కోట వున్నది అనాలంటే "ఉదయగిరి ని షిరొ గ అరిమస్". శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న ఆ దుర్గం అక్కడ ఊరికే వున్నది కనుక ని. అదే ఊళ్లో చెక్క చెంచాలు చేస్తారు అనాలంటే "ఉదయగిరి దె". అక్కడ పని జరుగుతున్నది గదా! ఉండటానికి ని, చెయ్యటానికి దె. మన "తో" కూడా రెండయింది: చెంచాతో తింటే దె, స్నేహితునితో తింటే తొ. బస్సునూ వాళ్లు చెంచా లాగే పనిముట్టుగా లెక్కవేసి దె పెడతారు. అది నాకు భలే నచ్చింది.

వ, గ ల తగవు మరీ సూక్ష్మం. సంగతి ఎత్తుకునేది వ. కొత్తగా ఎవరో, ఏదో తేల్చేది గ. "ఎవరు వచ్చారు?" అనే ప్రశ్నలో ఎవరు పక్కన గ రావలసిందే, వ పొసగదు. పైగా ఆ వ ను రాసేది హ అనే అక్షరంతో! 1946లో వర్ణక్రమాన్ని సంస్కరించినప్పుడు కూడా ఈ పాత అలవాటును వాళ్లు వదల్లేదు. మన పండితులకు ఇందులో ఆశ్చర్యం వుండదనుకుంటాను.

ఆ అమ్మాయి అసలు భయం వేరే. "తనకసన్ ని కుసురి ఒ అగెమషిత" అంటే తనకగారికి మందు ఇచ్చాను. చివరి క్రియ మార్చి "మొరఇమషిత" అంటే తనకగారి దగ్గర మందు పుచ్చుకున్నాను. ముక్క అదే ని. ఇచ్చిందెవరో, పుచ్చుకున్నదెవరో చివరి మాట దాకా తేలదు.

"రాత్రి డ్యూటీలో ఇది తారుమారైతే ఆ ముసలాయనకు మందు రెండుసార్లు పడుతుంది సార్" అన్నది.

"అందుకే క్రియ వినేదాకా తల ఊపవద్దమ్మా" అన్నాను.

డిసెంబరు పరీక్షకు చెన్నై వెళుతున్నది. ఈలోగా ఆ రెండు క్రియలతో రోజుకు పది వాక్యాలు రాయిస్తున్నాను.