జేబులో వున్న అప్పు

నలభై ఏళ్ళపాటు ప్రభుత్వంవారి లెక్కలు రాసి రిటైరయినవాణ్ణి. పద్దులో ఒక్క రూపాయి తేడా వస్తే, అది ఎక్కడ దాక్కుందో పట్టుకునేదాకా కుర్చీలోంచి లేచేవాణ్ణి కాను. అటువంటివాణ్ణి, పోయిన సంక్రాంతికి వారంరోజుల ముందు రు. 56,400 పోగొట్టుకున్నాను. ఇది గొప్పగా చెప్పుకోదగ్గ సంగతేమీ కాదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, ఆ సొమ్ములో సగానికి పైగా పోయింది దొంగ తెలివితేటలవల్ల కాదు, నా సిగ్గువల్ల.

ఆ సాయంత్రం ఆరున్నర గంటలవేళ మా ఆవిడ గుడికి వెళ్ళింది. ఫోను మోగింది. "నమస్కారం బాబాయిగారూ, క్రెడిట్ కార్డు విభాగంనుంచి మాట్లాడుతున్నాను" అన్నాడొక అబ్బాయి. ఎంత వినయం! మా అబ్బాయి కూడా నాతో అంత మర్యాదగా మాట్లాడి ఎరగడు. నా పేరూ, కార్డుమీది చివరి నాలుగంకెలూ వాడే చెప్పాడు. కార్డుమీద చేరిన పాయింట్లు ఆ రాత్రితో మురిగిపోతాయట. వాటిని రూపాయలుగా మార్చి యిస్తాడట. మిగిలిన అంకెలు అడిగాడు, చెప్పాను. వెనకవైపున్న మూడంకెలు అడిగాడు, కళ్ళజోడు పెట్టుకుని మరీ చెప్పాను. ఆ పైన ఫోనులోకి ఓటీపీ వచ్చింది. "దీనిని ఎవరికీ చెప్పవద్దు" అని దానికిందే రాసి వుంది. అదీ చదివి వినిపించాను. మరుక్షణం రు. 24,800 ఖర్చయినట్లు కబురొచ్చింది. అవతల అబ్బాయి లేడు.

మా ఆవిడ ప్రసాదం పట్టుకుని వచ్చింది. "అలా వున్నారేమండీ?" అంది.

"తలనొప్పి" అన్నాను.

లెక్కల్లో ఘనుణ్ణని యింట్లో నాకున్న పేరు ఒక్క పూటలో పోతుందే అని నా బాధ. తెల్లవారగానే ఎవరికీ తెలియకుండా బ్యాంకుకు వెళ్ళి చక్కబెట్టుకోవచ్చు లెమ్మని పడుకున్నాను. రాత్రి ఒంటిగంట దాటాక ఫోను రెండుసార్లు టింగుమంది. విదేశీ దుకాణాల్లో రెండు కొనుగోళ్ళు. రెండూ కలిసి రు. 31,600. వీటికి ఓటీపీ రాలేదు. విదేశాల్లో చాలా దుకాణాలు ఓటీపీ అడగవు. కార్డు అంకెలుంటే చాలు. మన దేశంలో రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డులకు విదేశీ వాడకం మూసే వుంటుంది, కావలసినవాళ్ళే తెరుచుకోవాలి. అంతకు ముందు ఏడాది మా అబ్బాయిని చూడడానికి అమెరికా వెళుతూ నేనే తెరిచాను. తిరిగొచ్చాక మూయడం మరిచాను. ఊరినుంచి వచ్చి వీధితలుపు బార్లా తీసిపెట్టి పడుకున్నట్టన్నమాట.

తెల్లవారి ఏడున్నరకు ఇక దాచలేక మా ఆవిడతో చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. కార్డు తిరగేసి చూసి, "వెనకాల నెంబరుంది కదండీ. ముందు దీనికి ఫోను చెయ్యండి. విచారం తరవాత" అంది. కార్డు మూయించాం. తరవాత 1930కి చేశాం. సైబర్ నేరాలు జరిగినప్పుడు దేశంలో ఎక్కడినుంచైనా పిలవదగ్గ నెంబరది. కాజేసిన సొమ్ము ఒక ఖాతాలోంచి మరొక ఖాతాలోకి పోకుండా దారిలోనే ఆపడం దాని పని. అంచేత అక్కడ నిమిషాలకే విలువ. నేను పిలిచేసరికి పదమూడు గంటలు దాటింది. ఇంకేం ఆపుతారు, పాపం!

బ్యాంకులో ఒకమ్మాయి ఓపిగ్గా నియమం వివరించింది. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు అది. తప్పు బ్యాంకుదీ, మనదీ కాక, మరెక్కడో అంకెలు బయటపడి సొమ్ము పోతే, కబురందిన మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే మనకు నష్టం లేదు. నాలుగునుంచి ఏడు దినాలలోపయితే ఒక హద్దువరకు మనం భరించాలి. కాని ఓటీపీవంటి రహస్యం మనమే చెప్పుకుంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టమంతా మనదే. తెలియజేసిన తరవాత జరిగేది మాత్రం బ్యాంకుదే.

ఆఖరి మాట వినగానే నా గుండె జారిపోయింది. సాయంత్రమే ఫోను చేసివుంటే కార్డు అప్పుడే మూతపడేది. రాత్రి పోయిన రు. 31,600 పోయేదే కాదు. మూయడంలో బ్యాంకు ఆలస్యం చేసినా ఆ భారం దానిదయ్యేది. "తలనొప్పి" అన్న ఒక్క మాట నాకంత ఖరీదు పడింది.

కథ అక్కడితో అయిపోలేదు. నెలాఖరుకు బిల్లు వచ్చింది. మొత్తం రు. 56,400; కనీసం కట్టవలసింది రు. 2,820. నాకు ప్రాణం లేచొచ్చింది. "నెలకింత చొప్పున మెల్లగా తీర్చేద్దాం" అన్నాను. మా ఆవిడ పెన్సిలు తీసింది. ఈ కార్డుమీద వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే రు. 1,974. దానిపై జీఎస్టీ 18 శాతం, మరో రు. 355. కట్టే రు. 2,820లో అసలుకు చెల్లేది ఐదువందల లోపే! పైగా పాత బాకీ వుండగా కొత్తగా ఏది కొన్నా, మామూలుగా దొరికే గడువు దొరకదు. కొన్ననాటినుంచే వడ్డీ నడుస్తుంది.

గాజులు చేయించుకుందామని ఆవిడ దాచుకున్న డిపాజిట్టు ఒకటి వుంది. "ఏడు శాతం వచ్చే డబ్బు బీరువాలో దాచుకుని, ఏడాదికి నలభైరెండు శాతం వడ్డీ కట్టడం ఏ లెక్కండీ?" అని, దాన్ని విడిపించి బిల్లు పూర్తిగా కట్టించింది. ఆ గాజులు ఇంకా కొననేలేదు.

ఇంతకీ కార్డు చెడ్డదని నేననను. మన తెలుగువారికి ఇది కొత్తదీ కాదు. 1923లో బందరులో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, దేశంలో అందరికన్నా ముందుగా క్రెడిట్ కార్డులిచ్చిన బ్యాంకుల్లో ఒకటి; అది 1981 నాటి మాట. పిన్ను కథ ఇంకా ముచ్చటైంది. 1967లో లండనులోని ఎన్‌ఫీల్డులో పెట్టిన డబ్బుల యంత్రం రూపకర్త షెపర్డ్ బారన్ మన షిల్లాంగులో పుట్టినవాడు. ఆయన ఆరంకెల రహస్యం పెడదామనుకుంటే, ఆయన భార్య తనకు నాలుగంకెలే గుర్తుంటాయన్నదట. అందుకే నాలుగంకెలయ్యాయని ఆయనే చెప్పాడు. ఆ యింట్లోనూ ఆఖరి మాట ఇల్లాలిదే!

మా యింట్లో ఇప్పుడు అమలులో వున్న పద్ధతులు చెబుతాను. పనికొస్తే మీరూ పాటించండి.

ఫోనులో మనల్ని పిలిచినవాడికి ఏ అంకే చెప్పం. అనుమానముంటే పెట్టేసి, కార్డు వెనకాల వున్న నెంబరుకు మేమే పిలుస్తాం. ఆ నెంబరుకోసం గూగుల్లో వెతకం. అక్కడ దొంగ నెంబర్లు కూడా కాచుకుని వుంటాయి.

డెబిట్ కార్డుతో పోయేది మన సొంత నిలవ. క్రెడిట్ కార్డయితే బిల్లు కట్టేముందు అభ్యంతరం చెప్పుకునే వ్యవధి వుంటుంది. అంచేత డెబిట్ కార్డును పెన్షను ఖాతాకు కాక, కొద్ది నిలవ వుండే వేరే ఖాతాకు పెట్టుకున్నాం.

విదేశీ వాడకం, తాకిస్తే చాలు చెల్లిపోయే వాడకం రెండూ మూసేశాం. పిన్ను లేకుండా తాకించి రు. 5,000 దాకా చెల్లించవచ్చని 2021 జనవరినుంచి నియమం. కార్డు దారిలో పడిపోతే దొరికినవాడికీ అదే సౌకర్యం కదా! రోజుకింత అని హద్దులు కూడా పెట్టుకున్నాం. ఇవన్నీ బ్యాంకు యాప్‌లో మనమే చేసుకోవచ్చు.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తియ్యం. దానికి రుసుమూ వుంది, తీసిన రోజునుంచే వడ్డీ వుంది. బిల్లు గడువులోగా పూర్తిగా కడతాం. కట్టలేమనుకున్నది కొనం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. మీ యింట్లో పెద్దవాళ్ళో, పిల్లలో ఇలా మోసపోయి వస్తే, "ఆ మాత్రం తెలియదా?" అనకండి. ఆ మాటకు జడిసే మనిషి నోరు మూసుకుంటాడు. దొంగకు కావలసిందీ ఆ మౌనమే.

మొన్న ఏదో వెతుకుతూ మా ఆవిడ పద్దుల పుస్తకం తెరిచాను. జనవరి నెల పేజీలో పాలకూ కూరలకూ కింద గుండ్రటి అక్షరాలతో ఒక పద్దు రాసి వుంది: "మీ నాన్నగారి తలనొప్పి ఖర్చు: రు. 31,600." అబ్బాయి వచ్చినప్పుడు చూపించడానికి కాబోలు!