ఫోర్‌వీల్ బండికి టైర్లు మార్చునప్పుడు

మన పాఠశాల పిల్లలలో పెక్కుమంది జీపులలో బడికి వచ్చుచున్నారు. వారి తలిదండ్రులలో కొందరికి ఆ జీపు నడుపుటయే జీవనోపాధి. ఈ కొరాపుట్టు కొండసీమలో ఊరికిని ఊరికిని నడుమ వాగులు, ఎర్రమట్టి దారులు ఉండుటచే, నాలుగు చక్రములకును ఇంజను బలము చేరు ఫోర్‌వీల్ బండి విలాసవస్తువు కాదు, అవసరము. అట్టి బండికి టైర్లు అరిగినప్పుడు ఏవి కొనవలెను, ఎన్ని కొనవలెను అను ప్రశ్న వచ్చును. అదియు తరచుగా వానలు మొదలై బడి తెరచు జూను మాసముననే, పుస్తకములకును ఫీజులకును డబ్బు కావలసిన సమయముననే వచ్చును. అప్పుడు "ఇప్పటికి రెండు కొని సరిపెట్టుకొందము" అనుకొనుట సహజము. ఆ మాటలోని చిక్కును వివరించి, తగిన మార్గమును తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

నాలుగును ఒక జత

మామూలు కారులో ఇంజను బలము రెండు చక్రములకే చేరును. పాత పద్ధతి ఫోర్‌వీల్ బండిలో రెండవ లీవరు వేసినంతనే ముందు ఇరుసు, వెనుక ఇరుసు ఒకదానితో నొకటి బిగిసిపోయి, ఒకే వేగముతో తిరుగవలసి వచ్చును. చక్రములన్నియు ఒకే చుట్టుకొలత గలవైననే ఇది సాధ్యము.

ఒక చిన్న లెక్క చూడుడు. 215/75 ఆర్ 15 అను కొలత గల కొత్త టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్ల 21 సెంటీమీటర్లు. అది ఒక కిలోమీటరు దూరమునకు రమారమి 452 మారులు తిరుగును. అదే టైరు మీది రబ్బరు 6 మిల్లీమీటర్లు అరిగినచో 460 మారులు తిరుగవలెను. అనగా వెనుక కొత్తవి, ముందు అరిగినవి వేసినచో కిలోమీటరునకు ఎనిమిది చుట్ల తేడా వచ్చును. బురదలో చక్రములు కొంచెము జారి ఆ తేడాను సర్దుకొనును. గట్టి తారురోడ్డుపై జారుటకు వీలు లేదు. ఆ ఒత్తిడి అంతయు ఇరుసుల మీదను, బలమును పంచు గేరుపెట్టె మీదను పడును. రెండు టైర్ల ఖరీదు మిగిల్చుకొన్నామని సంతోషించిన వారు గేరుపెట్టె మరమ్మతునకు అంతకంటె ఎక్కువ పెట్టవలసి రావచ్చును.

కావున నాలుగు టైర్లును ఒకే కొలత, ఒకే కంపెనీ, ఒకే అచ్చు గలవై, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండవలెను. రేడియల్ టైర్లను, పాతకాలపు అడ్డదారముల టైర్లను కలిపి ఎన్నడును వేయరాదు.

టైరుపైని వ్రాతను చదువుట

దుకాణదారుడు చెప్పు మాటకంటె టైరు ప్రక్కన అచ్చువేసిన అక్షరములే నమ్మదగినవి. పైన చెప్పిన కొలతలో 215 అనునది మిల్లీమీటర్లలో వెడల్పు. 75 అనునది ఆ వెడల్పులో నూటికి ఎన్నవ వంతు ప్రక్కగోడ ఎత్తో తెలుపును. ఆర్ అనగా రేడియల్. 15 అనునది అంగుళములలో రిమ్ము వ్యాసము. ఆ వెంట 100 ఎస్ అని ఉన్నచో, 100 అను సంకేతమునకు ఒక్కొక్క టైరు 800 కిలోల బరువు మోయగలదనియు, ఎస్ అను అక్షరమునకు గంటకు 180 కిలోమీటర్ల వరకు తగినదనియు అర్థము. పిల్లలను, మూటలను ఎక్కించుకొను బండికి ఈ బరువు సంఖ్య ముఖ్యము. బండి వెంట వచ్చిన పుస్తకములో చెప్పిన దానికంటె తక్కువ సంఖ్య గలది చవుకగా దొరకినను కొనరాదు.

ఇంకొకచోట నాలుగంకెలు ఉండును. 1824 అని ఉన్నచో అది 2024వ సంవత్సరము 18వ వారములో తయారైనదని తెలియును. రబ్బరు వాడకున్నను కాలక్రమమున గట్టిపడి బీటలు వారును. అందుచే "కొత్తది" అని చెప్పి, ఏండ్ల తరబడి నిలువయున్న దానిని అంటగట్టు వారి నుండి ఈ అంకెలే మనలను కాపాడును. ఐ.ఎస్.ఐ. గుర్తును కూడ చూచుకొనవలెను.

ఏ రకము మనకు తగును?

టైరు అచ్చులు ముఖ్యముగా మూడు రకములు. తారురోడ్డునకు తగినవి మొదటివి. వీటి గాళ్లు సన్నవి. తడి రోడ్డుపై బ్రేకు చక్కగా పట్టును, చప్పుడు తక్కువ, మన్నిక ఎక్కువ. కేవలము బురదకు చేసినవి మూడవవి. వీటి దిమ్మలు పెద్దవి, గాళ్లు లోతైనవి; బురదను విదిలించివేయును. కాని తడి తారుపై ఇవి అంత గట్టిగా పట్టుకొనవు, చప్పుడు చేయును, త్వరగా అరుగును. ఈ రెంటి నడుమ అన్ని దారులకును పనికివచ్చునవి రెండవ రకము.

మన యువకులు చూపునకు బాగుండునని బురద టైర్ల వైపు మొగ్గు చూపుచున్నారు. వారికి మా మనవి యేమనగా, సంవత్సరములో మీ బండి ఏ దారిపై ఎక్కువ తిరుగునో దానిని బట్టి ఎన్నుకొనుడు. సాలూరు నుండి సుంకి మీదుగా కొరాపుట్టునకు ఎక్కు ఘాటు రోడ్డు తారుదే. వానలో ఆ మలుపుల వద్ద కావలసినది బురద విదిలించు గుణము కాదు, బ్రేకు పట్టు గుణము. రోజును తారుపై తిరుగుచు, చివరి రెండు మూడు మైళ్లు మట్టిదారి పట్టు బండికి నడిమి రకము చాలును. ఎల్లప్పుడు తారుపైననే తిరుగు దానికి మొదటి రకమే మేలు.

పెద్ద టైర్లు వేయించుట కూడ ఒక మోజు. 215కు బదులు 235/75 ఆర్ 15 వేసినచో చుట్టుకొలత నూటికి నాలుగు పాళ్లకు పైగా పెరుగును. మీటరు 60 చూపునప్పుడు బండి 62కు మించి పోవుచుండును. మలుపులో టైరు లోపలి భాగములకు రాసుకొనవచ్చును. పెద్ద చక్రమును నిలుపుటకు బ్రేకుకు శ్రమ ఎక్కువగును. కంపెనీ చెప్పిన కొలతయే ఉత్తమము.

డబ్బు చాలనప్పుడు

నాలుగింటిని ఒకేసారి కొనుట అందరికిని సులభము కాదని మేము ఎరుగుదుము. దానికి ముందుచూపే మందు. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు ఒకసారి స్టెప్నీతో కూడ ఐదు టైర్లను స్థానములు మార్పించినచో అన్నియు సమముగా అరిగి, ఎక్కువ కాలము వచ్చును. ఉదయమున, బండి కదలక మునుపు గాలి చూపించి, తలుపు వద్ద చీటిపై వ్రాసిన కొలతకు సరిచేయించవలెను. తక్కువ గాలితో అంచులు, ఎక్కువ గాలితో నడుము అరుగును. అలైన్‌మెంటు తప్పినచో ఒక ప్రక్కయే అరుగును.

ఎట్లును రెండే కొనవలసి వచ్చినచో, ఉన్నవి ఇంకను కొత్తవానికి దగ్గరగా ఉన్నప్పుడు మాత్రమే అట్లు చేయుడు. అదే కంపెనీ, అదే అచ్చు, అదే కొలత గల జతను వెనుక ఇరుసుకు వేయుడు. తారుపై రెండవ లీవరును ముట్టకుడు.

టైరు గాళ్ల అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉండును. వాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు అరిగి ఆ గట్లతో సమమైనచో ఆ టైరునకు కాలము తీరినట్లే. వానకారులో అంతవరకు ఆగుట కూడ మంచిది కాదు. లోతు తగ్గిన కొలది నీరు ప్రక్కకు పోవుటకు దారి లేక, చక్రము నీటిపై తేలి బ్రేకు పట్టదు.

బండికిని భూమికిని గల సంబంధమంతయు అరచేయి యంత రబ్బరు ముక్కలు నాలుగింటి పైననే ఆధారపడియున్నది. ఆ నాలుగింటి పైననే మన పిల్లలు ప్రతిదినము ఘాటు దిగి వచ్చుచున్నారు. బండి గల తలిదండ్రులు ఈ వారమే ఒకసారి వంగి ఆ గట్లను, ఆ అంకెలను చూడవలెననియు, బండి లేని వారు తమ పిల్లలు ఎక్కు జీపు టైర్లను గూర్చి మొగమాటము లేక అడుగవలెననియు మేము కోరుచున్నాము. అడుగుట తప్పు కాదు. అది తలిదండ్రుల హక్కు.