గిరిగారి ఊరివాణ్ణి

బడా బజార్‌లో పుట్టి పెరిగిన మాబోటి వాళ్ళకి గిరి మార్కెట్ అంటే రోజూ దాటిపోయే చోటు, అంతే. ఆ గిరి ఎవరని పిల్లలడిగితే, రాష్ట్రపతిగా చేసిన మన వి.వి. గిరిగారని చెబుతాం. అక్కడితో మాట ఆగిపోతుంది. నాకూ అంతకుమించి తెలియదన్న సంగతి 2023లో డబ్లిన్‌లో బయటపడింది.

అధికారుల శిక్షణ కోసం మా బ్యాంకు అక్కడి ఒక విశ్వవిద్యాలయంతో ఏర్పాటు చేసుకుంది. ఆరుగురం వెళ్ళాం, పది రోజులకి. నాకు విదేశయానం అదే మొదలు. మా ఆవిడ ఆవకాయ సీసాకి మూడు పొరల ప్లాస్టిక్ చుట్టి, పైన అప్పడాల కట్ట పెట్టి మరీ పంపింది.

మొదటిరోజు టీ దగ్గర, రిటైరైన చరిత్ర ప్రొఫెసరు ఒకాయన నా పక్కన కూర్చుని ఏ ఊరని అడిగారు. పై ఊళ్ళవాళ్ళు అడిగితే "భువనేశ్వర్ దగ్గర" అనడం నాకు అలవాటు. ఆయన వదల్లేదు. చివరికి "బరంపురం" అన్నాను. ఆయన కప్పు కింద పెట్టేశారు. "గిరి ఊరా! ఆయన ఇక్కడేం చదివారో మీ పిల్లలకి చెబుతుంటారా?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు వెనకాల ఏమీ లేదని ఆయనకి అర్థమైపోయింది.

ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఊరు తిప్పారు. 1894 ఆగస్టు 10న బరంపురంలో, న్యాయవాది జోగయ్య పంతులుగారింట పుట్టిన గిరిగారు, మన కళ్ళికోట కాలేజీలో చదివి 1913లో న్యాయశాస్త్రం కోసం డబ్లిన్ వెళ్ళారు. లండన్‌లో మన విద్యార్థుల మీద నిఘా పెరిగిన రోజులవి. యూనివర్సిటీ కాలేజీ అప్పుడు ఎర్ల్స్‌ఫోర్ట్ టెరస్‌లో ఉండేది. ఇప్పుడా భవనం సంగీత కచేరీల హాలు. బారిస్టరు చదువు కింగ్స్ ఇన్స్‌లో.

ఆ 1913లోనే డబ్లిన్‌లో పెద్ద లాకౌటు జరిగింది. యూనియన్‌లో చేరమని సంతకం పెడితేనే పని అన్నారు యజమానులు. ఇరవై వేలమంది కార్మికులు నెలల తరబడి పస్తులున్నారు. లార్కిన్, కానలీ వారి నాయకులు. పంతొమ్మిదేళ్ళ మన కుర్రవాడు న్యాయశాస్త్రం చదువుకున్నది ఆ వీధుల్లో. 1916 ఏప్రిల్‌లో ఈస్టరు తిరుగుబాటు వచ్చింది. అదే కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మాక్‌డొనా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన ఏడుగురిలో ఒకరు. ఆయన్ని మే 3న కాల్చి చంపారు. గాయాలతో నిలబడలేని కానలీని మే 12న కుర్చీకి కట్టి కాల్చారు. కిల్‌మెయినం జైల్లో ఆ గోడల మధ్య నిలబడ్డప్పుడు నాకు మాట పెగల్లేదు. గిరిగారు బారిస్టరై ఆ ఏడాదే అక్కణ్ణుంచి బయటపడవలసి వచ్చింది.

"తరవాత ఆయనేం చేశారో నువ్వు చెప్పు" అన్నారు ప్రొఫెసరుగారు. అదృష్టవశాత్తూ ఆ సంగతులు కొంత తెలుసు. మా నాన్నగారూ బ్యాంకు ఉద్యోగే, యూనియన్ మనిషి. గిరిగారు బరంపురం తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టడం, మన ఊరి మీదుగా పోయే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకి అండగా నిలబడటం చెప్పాను. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకి గెలిచి కేంద్ర కార్మికమంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మారిస్తే, 1954లో మంత్రి పదవి వదులుకున్నారు. 1969 జూలై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం చేసిందీ ఆయనే. ఆ మర్నాడే రాజీనామా చేసి ఎన్నికల్లో నిలబడ్డారు, గెలిచారు.

ఇవన్నీ నాన్నగారి నోట విన్నవే. కానీ డబ్లిన్ ఆకలి రోజులకీ, 1954 రాజీనామాకీ మధ్య దారి ఉందని నాకెప్పుడూ తట్టలేదు. ముప్ఫయ్యేళ్ళుగా నేను తింటున్న తిండిలో ఆ దారి కూడా ఉంది.

అక్కడి సంగతులు ఇంకో రెండు చెప్పాలి. బస్సు దిగేటప్పుడు ప్రతివాళ్ళూ డ్రైవరుకి థాంక్స్ చెబుతారు. మా కౌంటరు దగ్గర నెలకొక్కరు చెప్పినా నేను స్వీట్లు పంచుతాను. ఇక బోర్డులన్నీ రెండు భాషల్లో, ఐరిష్ పైన, ఇంగ్లీషు కింద. బళ్ళో అందరూ ఐరిష్ నేర్చుకుంటారు. అయినా 2022 జనాభా లెక్కల్లో, బడి బయట రోజూ ఆ భాష మాట్లాడతామన్నవారు డెబ్భై రెండు వేలు కూడా లేరు. "బోర్డు ప్రభుత్వం పెడుతుంది. ఇంట్లో మాట ఇంట్లోవాళ్ళే మాట్లాడాలి" అన్నారాయన. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి మన ఊరు మద్రాసు నుంచి విడివడ్డాక మనకి బోర్డూ లేదు, ఇంట్లో మాటే మిగిలింది. నా కూతురు ఫోన్లో నాతో సగం ఇంగ్లీషు, సగం ఒడియా మాట్లాడుతుంది. తప్పు దానిది కాదు.

వచ్చేముందు ఆయన, "మీ ఊళ్ళో గిరి పేరున్న చోటు ఫోటో తీసి పంపు" అన్నారు. మిగిలిన ఆవకాయ ఆయనకే ఇచ్చి వచ్చాను.

ఇంటికొచ్చిన ఆదివారమే గిరి మార్కెట్‌కి వెళ్ళి ఫోటోలు తీస్తుంటే, ఎరిగున్న దుకాణదారు పరుగున వచ్చాడు. "ఏంటి సార్, అప్పు కింద జప్తు చేస్తారా?" అన్నాడు, నవ్వుతూనే గాని కాస్త కంగారుగా. కాదని, గిరిగారి కథ చెప్పడం మొదలుపెట్టాను. పనికుర్రాడు తూకం ఆపి విన్నాడు. "మన ఊరాయనేనా?" అని రెండుసార్లు అడిగాడు.

ఆగస్టు 10న మన సంఘం ఒక గంట సభ పెడితే బాగుంటుందని నా మనవి. ఉపన్యాసాలు పెద్దలకి వద్దు. పిల్లలే మాట్లాడాలి, తెలుగులో. తప్పులు వస్తే రానివ్వండి. మా అమ్మాయిని రమ్మని చెప్పాను. కథ ఫోన్లో రోజుకి కాస్త చొప్పున చెబుతున్నాను.