పెద్ద ఫిల్ము కెమెరాల్లో ఏది మేలు? - దుర్గిలో నేర్చుకున్న పాఠం

సంచికకు ఏదైనా శాస్త్ర విషయం రాయండి అని విద్యార్థి సంఘం వారు అడిగారు. పాఠాలు క్లాసులో వింటూనే ఉన్నారు గదా, మళ్ళీ ఇక్కడ కూడా ఎందుకు? అందుకని, ఇదే కాలేజీలో నేను చదువుకునే రోజుల్లో, 1983లో, ఒక శిల్పిగారి చేత మాట పడి నేర్చుకున్న సంగతి మనవి చేస్తాను.

మాచర్ల దగ్గర దుర్గి ఉలి చప్పుడుకు పేరుపడ్డ ఊరు. అప్పుడది గుంటూరు జిల్లా. 2022 నుంచి పల్నాడు జిల్లా. సుమారు 1700 ఏళ్ళ క్రితం ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది పల్నాటి సున్నపురాయి మీదనే. దుర్గి పనివారి చేతికీ అదే రాయి. నేడు ఈ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

అక్కడొక ఆచారిగారు 6 అడుగుల ద్వారపాలకుణ్ణి చెక్కారు. గుడికి ఇద్దరు కావాలి. రెండో విగ్రహానికి రాయి ఇంకా రాలేదు. ఈలోగా గుడివారు మొదటిదాన్ని లారీలో తీసుకుపోతామన్నారు. "బాబూ, నీ దగ్గర కెమెరా ఉందటగా, ఫోటో తీసిపెట్టు. దాన్ని చూసుకుని రెండోవాణ్ణి చేస్తాం" అన్నారు ఆచారిగారు.

నేను ఉత్సాహంగా 35 మి.మీ. కెమెరాతో నాలుగు ఫోటోలు తీసి, పెద్దవి చేయించి పట్టుకెళ్ళాను. ఆయన మెచ్చుకోలేదు. డివైడరు తీసి ముఖం మీద పెట్టి, అదే కొలతతో కిందికి దిగుతూ వచ్చారు. ఆ విగ్రహం నవతాలం. అంటే ముఖం పొడవుకు ఒళ్ళంతా తొమ్మిది రెట్లు ఉండాలి. ఫోటోలో పది దాకా వచ్చింది. "బాబూ, వీడు నా ద్వారపాలకుడు కాడు" అని ఫోటో నా చేతికిచ్చారు.

తప్పు ఎక్కడ జరిగింది? విగ్రహం 3 అడుగుల దిమ్మె మీద ఉంది. ముందంతా రాళ్ళు, 9 అడుగులకు మించి వెనక్కి పోవడానికి లేదు. నా కెమెరా 4½ అడుగుల ఎత్తున ఉంది. తల ఫ్రేములోకి రావాలని కెమెరాను పైకి ఎత్తాను. ఎత్తగానే ఫిల్ము వాలిపోయి, విగ్రహానికి సమాంతరం కాకుండా పోయింది. దూరమైన తల చిన్నదైంది, దగ్గరైన కాళ్ళు పెద్దవయ్యాయి.

దీనికి విరుగుడు ఒక్కటే. ఫిల్మును నిట్టనిలువుగా ఉంచి, లెన్సును మాత్రం పైకి జరపాలి. మామూలు కెమెరాలో లెన్సు, ఫిల్ము ఒకే పెట్టెలో బిగించి ఉంటాయి. పెద్ద ఫిల్ము కెమెరాలో వాటి మధ్య కొలిమి తిత్తి లాంటి మడతల తిత్తి ఉంటుంది. అందుచేత లెన్సును పైకీ కిందికీ, పక్కలకూ జరపవచ్చు, వంచవచ్చు. పైగా 4×5 అంగుళాల ఫిల్ము వైశాల్యం 35 మి.మీ. ఫిల్ముకు 13 రెట్లు పైమాట. ఉలి గాటు కూడా స్పష్టంగా దిగుతుంది.

ఇకపోతే, ఈ కెమెరాలు ప్రధానంగా మూడు రకాలు.

మొదటిది మోనోరైల్. ఒకే కడ్డీ మీద ముందు చట్రం, వెనక చట్రం జరుగుతాయి. స్విట్జర్లాండ్ వారి సినార్ ఈ కోవకు చెందినదే. రెండు చట్రాలూ ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. నేల మీద వరుసగా పరిచిన రాతి పలకలను దగ్గర నుంచి చివరిదాకా స్పష్టంగా తీయాలంటే లెన్సును ముందుకు వంచాలి. ఈ సూత్రం ఆస్ట్రియా సైనికాధికారి షైమ్‌ఫ్లుగ్ పేరుతో ప్రసిద్ధి. 1904లో ఆయన పేటెంటు పొందాడు. స్టూడియోకు మోనోరైలును మించింది లేదు. కాని బరువు, పెట్టె, విప్పడం, బిగించడం - ఇదంతా బస్సు ప్రయాణానికి పనికొచ్చే వ్యవహారం కాదు.

రెండోది ప్రెస్ కెమెరా. అమెరికాలో 1912 నుంచి 1973 దాకా తయారైన స్పీడ్ గ్రాఫిక్ దీనికి ఉదాహరణ. 1945లో ఇవో జిమా మీద జెండా ఎత్తుతున్న ఫోటో తీసింది దీనితోనే. గట్టిది, మూస్తే పెట్టె, చేత్తో పట్టుకుని కూడా తీయవచ్చు. అయితే లెన్సు జరిగేది కొంచెమే. వెనక చట్రం అసలు వంగదు.

మూడోది చెక్క మడత కెమెరా. కేరళలో అలెప్పీలో తయారైన వాగీశ్వరి కెమెరాలు ఈ జాతివే. మన దేశంలో ఎన్నో స్టూడియోల్లో అవి పనిచేశాయి. మోనోరైలంత స్వేచ్ఛ లేదు, ప్రెస్ కెమెరా అంత వేగం లేదు. కాని తేలిక, మడిస్తే సంచిలో పడుతుంది, లెన్సు కావలసినంత లేస్తుంది, తిత్తి బాగా సాగుతుంది.

నాకు కావలసింది లెక్క వేసుకున్నాను. 6 అడుగుల విగ్రహం 4×5 ఫిల్ము మీద పట్టాలంటే సుమారు 17వ వంతుకు తగ్గాలి. విగ్రహం నడిమి భాగం నా లెన్సు కంటే అడుగున్నర ఎత్తున ఉంది. దానిలో 17వ వంతు, అంటే లెన్సు ఇంచుమించు ఒక అంగుళం లేస్తే చాలు. అంగుళం పని కోసం అన్ని దిక్కులా తిరిగే కెమెరా ఎందుకు? మిత్రుడొకడు మోనోరైలు ఇప్పిస్తానన్నా వద్దని, ఒక స్టూడియోలో దుమ్ము పట్టి ఉన్న 4×5 చెక్క కెమెరాను, 150 మి.మీ. లెన్సును, మూడు హోల్డర్లను అడిగి తీసుకున్నాను. మూడు హోల్డర్లంటే ఆరు షీట్లు. మీటరు గేజి రైల్లో మాచర్ల, అక్కడ నుంచి బస్సులో దుర్గి. సాయంత్రానికి లారీ వస్తుందన్నారు.

నల్లగుడ్డ కప్పుకుని గ్రౌండ్ గ్లాసు మీద చూశాను. ఆచారిగారూ తల దూర్చి, "ఇదేమిటి, వీణ్ణి తలకిందులు చేశావు!" అని నవ్వారు. వెనక చట్రానికి మట్టపు బద్ద ఆనించి నిలువు సరిచూసింది కూడా ఆయనే. లెన్సు అంగుళం ఎత్తి నాలుగు షీట్లు తీశాను. మిగతా రెండు ముఖానికి ఉంచాను. రాతి దిమ్మెల మీద ట్రైపాడు ఎక్కించి, ముఖం సగం సైజులో పడేలా తిత్తి సాగదీసి తీశాను. చీకటి పడుతుండగా లారీ కదిలింది.

కాలేజీ డార్క్‌రూములో కడిగితే నాలుగు షీట్లూ బ్రహ్మాండంగా వచ్చాయి. ముఖం షీట్లు రెండూ వెలవెలబోయాయి. తిత్తి సాగితే ఫిల్ము మీద పడే వెలుతురు తగ్గుతుంది. 150 మి.మీ. లెన్సు 225 మి.మీ. దూరం పోతే కాలం 2¼ రెట్లు ఇవ్వాలి. 4 సెకన్లకు 9 కావాలి. అంతసేపు తెరిస్తే ఫిల్ము మందగిస్తుంది గనుక ఇంకా ఎక్కువే కావాలి. నేను హడావిడిలో 4 సెకన్లే ఇచ్చాను. విగ్రహం వెళ్ళిపోయింది, మళ్ళీ తీసే దారి లేదు.

నిలువెత్తు ఫోటోలు రెండు పట్టుకెళ్ళాను. ఒకటి మామూలుది, రెండోది నెగెటివును తిరగేసి వేసింది. ఎడమవాడు కుడివాడుగా కనిపిస్తాడు. రెండో ద్వారపాలకుడికి కావలసింది అదే. ఆచారిగారు డివైడరు పెట్టారు. తొమ్మిదికి తొమ్మిది. ముఖం సంగతి తలవంచుకుని చెప్పాను. "కొలత దక్కిందిగా బాబూ. ముఖం మావాడి చేతిలో వస్తుందిలే" అన్నారు. ఆ మాట ఊరట కోసం అన్నారని నాకు తెలుసు.

ఇప్పుడు వంగిన ఫోటోను కంప్యూటరులో సరిచేయవచ్చు. ఎంత సాగదీయాలో తెలియాలంటే మాత్రం అసలు కొలత ఎక్కడో ఒకచోట ఉండాలి. 4×5 ఫిల్మును ఇల్ఫోర్డ్, కొడాక్ వారు నేటికీ తయారు చేస్తున్నారు. ఆసక్తి ఉన్న విద్యార్థులకు నా సలహా ఇది. బల్ల మీద వస్తువులు తీసేవారికి మోనోరైలు, మనుషుల వెంట తిరిగేవారికి ప్రెస్ కెమెరా, ఊళ్ళూ గుళ్ళూ తిరిగేవారికి చెక్క మడత కెమెరా. కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: లెన్సు ఎంత లేవాలి? తిత్తి ఎంత సాగాలి? ఎంత దూరం మోయాలి?

నాలుగోది కూడా ఉంది. తిత్తి సాగదీసినప్పుడల్లా స్కేలు పెట్టి కొలవండి. నా సంచిలో ఆనాటి నుంచీ ఒక స్కేలు ఉంటోంది.