‘స్టమక్’ అంటే ఏ చోటు?

“డాక్టరు గారూ, స్టమక్ పెయిన్ అండీ!” ఓ.పి.లో రోజూ వినే మాట ఇది. “ఎక్కడమ్మా?” అని అడిగితే ఒకరు గుండెల కింద చెయ్యి పెడతారు, ఒకరు బొడ్డు చుట్టూ చూపిస్తారు, మరొకరు పొత్తికడుపు పట్టుకుంటారు.

వారి తప్పేమీ లేదు. ఆ మాటే చోట్లు మారుతూ వచ్చింది. గ్రీకు భాషలో ‘స్టోమా’ అంటే నోరు. దాని నుండి వచ్చిన ‘స్టోమకోస్’ మొదట గొంతుకు, అన్నం దిగే గొట్టానికి పేరు. తరువాత ఆ గొట్టం చివరనున్న సంచికి పేరయింది. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5:23లో కడుపును గురించి చెప్పినచోట గ్రీకు మూలంలో ఉన్నది ఈ మాటే. లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా అది ఇంగ్లీషులో ‘స్టమక్’ అయింది. లాటిన్‌లో దానికి కోపం, చిరాకు అనే అర్థాలు కూడా ఉండేవి.

మన ‘కడుపు’ మాత్రం తక్కువదా? ఆకలేస్తే కడుపు కాలుతుంది, ఓర్వలేకపోతే కడుపు మండుతుంది. గర్భిణిని ‘కడుపుతో ఉంది’ అంటాం. బిడ్డ పోతే కడుపుకోత.

వైద్యంలో మాత్రం స్టమక్ అంటే జీర్ణాశయం ఒక్కటే. అది పొట్ట పైభాగంలో, ఎక్కువగా ఎడమవైపు ఉంటుంది. కుడివైపు పైన కాలేయం, పిత్తాశయం; మధ్యలో చిన్నపేగులు; కుడివైపు కింద అపెండిక్స్; స్త్రీలకు పొత్తికడుపులో గర్భసంచి. వీటిలో ఏది నొప్పి చేసినా మనం ‘కడుపు నొప్పి’ అనే అంటాం. అందుకే నొప్పి ఉన్నచోట వేలు పెట్టి చూపించండి. ఎప్పుడు మొదలైంది, తింటే పెరుగుతుందా తగ్గుతుందా, ఎటైనా పాకుతుందా అన్నవి చెప్పండి. స్త్రీలు నెలసరి తేదీ కూడా చెప్పాలి.

ఇంకొక ముఖ్య విషయం. జీర్ణాశయం పైద్వారాన్ని డాక్టర్లు నేటికీ ‘కార్డియా’ అంటారు. గ్రీకులో ఆ మాటకు గుండె అని అర్థం! గుండె, జీర్ణాశయం అంత దగ్గరగా ఉంటాయి. గుండెపోటు నొప్పి కూడా ఒక్కోసారి పొట్ట పైభాగంలోనే తెలుస్తుంది. దానిని ‘గ్యాస్ ట్రబుల్’ అనుకుని సోడా తాగి పడుకోవద్దు. నొప్పితోపాటు చెమటలు, ఆయాసం, చెయ్యి లేక దవడ లాగడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

స్టమక్ అనండి, కడుపు అనండి, పొట్ట అనండి. చోటు మాత్రం సరిగ్గా చూపించండి. సరైన వైద్యం అక్కడి నుండే మొదలవుతుంది.